ఆ శీర్షికలో ఒక్క మాట మార్చండి

సంపాదకులకు,

నమస్కారం. పోయిన ఆదివారం మీ టెక్నాలజీ పేజీలో "మీ బ్రౌజర్ మిమ్మల్ని గమనిస్తోంది, సురక్షితమైన బ్రౌజర్‌కి మారిపోండి" అన్న శీర్షికతో ఒక వ్యాసం వేశారు. కింద ఐదు బ్రౌజర్ల పేర్లు, ఒక్కోదానికి రెండేసి వాక్యాలు, పక్కన తాళంకప్ప బొమ్మ. వ్యాసం బాగానే ఉంది. ఇలాంటిదే చదివి, పదకొండు నెలల కిందట నిజంగానే మారిపోయిన మనిషిని నేను. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నా పని ప్రూఫులు దిద్దడం. ఇరవై మూడేళ్లుగా అదే. మొదట్లో కాగితం మీద ఎర్ర పెన్నుతో దిద్దేదాన్ని. ఇప్పుడు ఫైళ్లు రావడం, దిద్ది పంపడం, బిల్లు పెట్టడం, డబ్బు పడిందో లేదో చూసుకోవడం, అన్నీ బ్రౌజర్‌లోనే. పొద్దున ఎనిమిదింటికి తెరిస్తే మళ్లీ రాత్రికే మూసేది. ఈ వృత్తిలో ఉన్న జబ్బు ఏమిటంటే, విషయం కంటే ముందు మాట కంట పడుతుంది. మీ శీర్షికలో నాకు 'సురక్షితమైన' అన్న మాట కంట పడింది. వ్యాసమంతా చదివితే అందులో ఉన్నది గోప్యత గురించి. మనం ఏం చూస్తున్నామో ప్రకటనల కంపెనీలకి తెలియకపోవడం గోప్యత. దొంగ మన కంప్యూటర్లోకి దూరకపోవడం భద్రత. ఒకటి కిటికీకి తెర, ఇంకోటి తలుపుకి గడియ. తెర కొనుక్కున్నవాళ్లకి గడియ కూడా పడిందని చెప్పకూడదు కదా. నాకు ఈ తేడా తెలియడానికి మూడు దెబ్బలు తగలాల్సి వచ్చింది.

నేను మారడానికి కారణం కూడా ఒక సవరణే. చాలా ఏళ్లుగా ఫైర్‌ఫాక్స్ వాడేదాన్ని. 2025 ఫిబ్రవరిలో, దాన్ని తయారుచేసే మొజిల్లా మొదటిసారి ఫైర్‌ఫాక్స్‌కి వాడుక నిబంధనలు పెట్టింది. అప్పుడే, మీ డేటాని ఎప్పుడూ అమ్మలేదు, ఇక ముందూ అమ్మం అన్న హామీని ప్రశ్నోత్తరాల పేజీలోంచి తీసేసింది. గోల మొదలయ్యాక, 'అమ్మకం' అన్న మాటకి కొన్నిచోట్ల చట్టం ఇచ్చిన అర్థం మరీ విశాలంగా ఉందని, అందుకే ఆ వాక్యం తీశామని చెప్పి, నిబంధనల భాషని మళ్లీ సరిచేసింది. ఆ వివరణ నిజమే కావచ్చు. కానీ ఒక వాక్యాన్ని కొట్టేశారంటే ఎవరో కూర్చుని ఆలోచించి కొట్టేశారని ప్రూఫులు చూసేవాళ్లకి తెలుసు. నా మనసు విరిగింది.

మా తమ్ముడి కొడుకు ఈ కంప్యూటర్ల పనిలోనే ఉన్నాడు. "అత్తా, ఫైర్‌ఫాక్స్ కోడే తీసుకుని, అందులో కంపెనీకి కబుర్లు మోసే భాగాలన్నీ పీకేసిన బ్రౌజర్ ఒకటుంది, అది వేసుకో" అన్నాడు. కొద్దిమంది వాలంటీర్లు తీరిక వేళల్లో చేస్తారట, పైసా తీసుకోరట. దాని పేరు ఇక్కడ రాయను. జరిగినవాటిలో సగానికి పైగా నా తప్పే, పేరు రాస్తే వాళ్ల మీద చాడీ చెప్పినట్టుంటుంది.

వేసుకున్న రోజే రెండు తేడాలు కనిపించాయి. నేను విడిగా తెచ్చి పెట్టుకున్న తెలుగు ఫాంట్లు ఏ వెబ్ పేజీలోనూ రావడం మానేశాయి, అక్షరాలన్నీ కంప్యూటర్‌తో పాటు వచ్చే ఫాంట్‌లోకి మారిపోయాయి. ఇంకోటి, పొద్దున పదింటి మీటింగ్ క్యాలెండర్‌లో తెల్లవారుజామున నాలుగున్నరకి ఉంది. ఫోన్ చేసి అడిగితే మావాడు నవ్వి, "అత్తా, అది తప్పు కాదు, కావాలనే అలా పెట్టారు" అన్నాడు.

కావాలనే అంటే ఏమిటో తర్వాత చదివి తెలుసుకున్నాను. సైట్లు మన కంప్యూటర్లో దాచే చిన్న గుర్తుల్ని కుకీలంటారు. అవి లేకపోయినా మనల్ని గుర్తుపట్టవచ్చు. స్క్రీన్ ఎంత పెద్దది, గడియారం ఏ ప్రాంతానిది, ఏయే ఫాంట్లు ఉన్నాయి అని సైటు అడుగుతుంది, బ్రౌజర్ అమాయకంగా చెప్పేస్తుంది. విడివిడిగా ఇవేవీ రహస్యాలు కావు. అన్నీ కలిస్తే వేలిముద్ర. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే డిజిటల్ హక్కుల సంస్థ 2010లో సుమారు 4.7 లక్షల బ్రౌజర్లని పరీక్షిస్తే, వాటిలో 83.6 శాతం వేలిముద్రలు ఇంకెవరితోనూ కలవలేదు. ఎనిమిది రకాల తెలుగు ఫాంట్లు పెట్టుకున్న నాలాంటి మనిషి ఎంత తేలిగ్గా దొరుకుతుందో ఊహించుకోండి. అందుకని ఈ బ్రౌజర్ ఎవరడిగినా ఒకే టైమ్ చెబుతుంది, అందరికీ ఉండే ఫాంట్లే చూపిస్తుంది. గుంపులో కలిపేస్తుందన్నమాట. ఆలోచన నాకు బాగా నచ్చింది. మీటింగ్ టైముని మనసులో లెక్కేసుకోవడం అలవాటు చేసుకున్నాను.

తర్వాత తగిలింది మొదటి దెబ్బ. నవ్వొచ్చే దెబ్బే. ఒక ప్రచురణ సంస్థ కొత్తగా పోర్టల్ పెట్టి, బిల్లులు రావాలంటే ఫొటో, సంతకం అప్‌లోడ్ చేయమంది. చేశాను. పచ్చ రంగు టిక్కు కూడా వచ్చింది. మర్నాడు వాళ్ల ఆఫీసు నుంచి ఓ అబ్బాయి ఫోన్ చేశాడు.

"మేడమ్, మీ ఫొటో బదులు ఏదో డిజైన్ వచ్చిందండీ."

"డిజైనేంటి బాబూ?"

"గీతలండీ. ఎరుపు, పచ్చ, నీలం అడ్డగీతలు. సంతకం కూడా గీతలేనండీ."

మళ్లీ చేశాను. మళ్లీ గీతలే. స్కానర్ పాడైందనుకున్నాను. ఇంకో ఫొటో వెతికి పెట్టాను. నాలుగోసారి ఆ అబ్బాయి విసుగు దాచుకుంటూ, "మొబైల్లో చేసి చూడండి మేడమ్" అన్నాడు. మొబైల్లో మామూలు బ్రౌజర్ నుంచి ఒక్కసారికే వెళ్లింది.

సంగతేమిటంటే, వేలిముద్ర తీసే పద్ధతుల్లో ఒకటి క్యాన్వాస్. సైటు బ్రౌజర్ చేత కంటికి కనబడని ఓ బొమ్మ గీయించి, దాని చుక్కల్ని తిరిగి చదువుకుంటుంది. ఒక్కో కంప్యూటర్లో ఆ చుక్కలు వెంట్రుకవాసి తేడాగా పడతాయి, ఆ తేడాతో మనిషిని పట్టేస్తారు. దీన్ని ఆపడానికి నా బ్రౌజర్, ఎవరైనా ఆ చుక్కలు అడిగితే అడ్డదిడ్డంగా కలిపేసి ఇస్తుంది. ఆ పోర్టల్ పాపం నా మీద నిఘా ఏమీ పెట్టలేదు. పెద్ద ఫొటోని చిన్నది చేయడానికి అదే క్యాన్వాస్ వాడుకుంది. బ్రౌజర్‌కి దొంగెవరో దొరెవరో తెలియదు, ఇద్దరికీ గీతలే ఇచ్చింది. అడ్రస్ బార్ ఎడమ చివర చిన్న బొమ్మ గుర్తు ఒకటి వస్తుంది, దాన్ని నొక్కి ఆ సైటుకి అనుమతి ఇస్తే సరిపోయేది. ఇరవై మూడేళ్లుగా ఒత్తులు, పొల్లులు వెతికిన కళ్లకి ఆ గుర్తు నాలుగు రోజులు ఆనలేదు.

దీనిమీద నాకు ఫిర్యాదు లేదు. కాపాడేదీ ఇబ్బంది పెట్టేదీ ఒకటే అయినప్పుడు, ఆ ఇబ్బంది దాని ధర. కాకపోతే మీ వ్యాసంలో ఈ ధర ఎక్కడా లేదు.

రెండో దెబ్బ నవ్వొచ్చేది కాదు. ఇది చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. మీరు ఐదు బ్రౌజర్ల పేర్లు ఇచ్చారు కానీ లోపలున్న ఇంజన్లు ఐదు లేవు. వెబ్ పేజీని చదివి తెరమీద పరిచే ఇంజన్లు ఇవాళ విరివిగా వాడకంలో ఉన్నవి మూడే: గూగుల్ వాళ్ల బ్లింక్, మొజిల్లా వాళ్ల గెక్కో, యాపిల్ వాళ్ల వెబ్‌కిట్. బ్రేవ్, వివాల్డి, ఒపెరా, మైక్రోసాఫ్ట్ ఎడ్జ్, అన్నింటి లోపలా గూగుల్ మొదలుపెట్టిన, బ్లింక్ ఇంజన్ ఉన్న క్రోమియం కోడే. ఒపెరా 2013లో తన సొంత ఇంజన్ వదిలేసింది. మైక్రోసాఫ్ట్ అంతటి కంపెనీయే సొంత ఇంజన్‌ని వదిలేసి, 2020 జనవరిలో క్రోమియం మీద కట్టిన ఎడ్జ్‌ని విడుదల చేసింది. ఇక ఐఫోన్‌లో ఏ బ్రౌజర్ వేసుకున్నా లోపల వెబ్‌కిట్టే ఉండాలని యాపిల్ ఏళ్ల తరబడి పట్టుబట్టింది, 2024 మార్చిలో ఐరోపా సమాఖ్య దేశాల వరకు మొదట సడలించింది. కాబట్టి 'ప్రత్యామ్నాయ బ్రౌజర్' అంటే చాలాసార్లు ఇంజన్ పాతదే, చొక్కా కొత్తది.

చొక్కా మార్చడం తప్పని కాదు. కానీ ఇంజన్‌లో చిల్లు పడితే పూడ్చేది అసలు కంపెనీ. ఆ పూడిక కొత్త చొక్కా వాళ్ల దగ్గరికి రావాలి, వాళ్లు దాన్ని తమ బ్రౌజర్‌లో కలపాలి, అది మన కంప్యూటర్‌కి చేరాలి. ఈ మూడు అంగల మధ్య రోజులు గడుస్తాయి. ఆ రోజులు ప్రమాదకరం, ఎందుకంటే ఇవన్నీ అందరికీ కనబడే కోడ్. పూడ్చినచోటు చూసి చిల్లు ఎక్కడుందో దొంగలు కనిపెట్టేస్తారు. 2023 ఆగస్టు నుంచి క్రోమ్ తన భద్రతా సవరణల్ని వారం వారం పంపుతున్నది ఈ భయంతోనే, ఆ మాట గూగులే చెప్పింది.

అలా చెప్పిన మరుసటి నెలలోనే వెబ్‌పీ గొడవ వచ్చింది. వెబ్‌పీ అంటే ఒక రకం ఫొటో ఫైలు, మీ పత్రిక వెబ్‌సైట్లో కూడా ఉండే ఉంటుంది. దాన్ని విప్పే కోడ్‌లో తప్పుందని 2023 సెప్టెంబరు 6న యాపిల్ భద్రతా విభాగం, టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్ అనే పరిశోధన బృందం గూగుల్‌కి తెలియజేశాయి. కుట్రతో తయారుచేసిన ఒక ఫొటో ఉన్న పేజీ తెరిస్తే చాలు, దేన్నీ నొక్కక్కర్లేదు. అప్పటికే ఎవరో దాన్ని వాడుతున్నారు కూడా. క్రోమ్‌కి 11న మందు వచ్చింది, ఫైర్‌ఫాక్స్‌కి 12న. అదే కోడ్‌ని వాడుకునే మిగతా బ్రౌజర్లు, యాప్‌లు ఎవరి వీలుని బట్టి వాళ్లు సర్దుకున్నారు. 2024 అక్టోబరులో ఫైర్‌ఫాక్స్‌లోనే ఇంకో పెద్ద చిల్లు బయటపడితే, తమకి కబురందిన 25 గంటల్లో సవరణ పంపామని మొజిల్లా చెప్పుకుంది. ఆ రాత్రి అక్కడ జీతం తీసుకుని కూర్చున్నవాళ్లు ఉన్నారు కాబట్టి అది జరిగింది.

మావాడు చెప్పిన బ్రౌజర్ వాలంటీర్లూ సోమరులేం కాదు. ఫైర్‌ఫాక్స్ కొత్తది వచ్చిన రెండు మూడు రోజుల్లో తమది కూడా తయారుచేసి పెడుతూనే ఉన్నారు. అది నా కంప్యూటర్‌కి మాత్రం రాలేదు. ఎందుకంటే తనంతట తాను అప్‌డేట్ అయ్యే ఏర్పాటు అందులో లేదు. అందుకో చిన్న ప్రోగ్రాము వేరే ఉందట, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు దాని పక్కన టిక్కు పెట్టాలట. నేను పెట్టలేదు. 'తర్వాత', 'తర్వాత', 'సరే' అని నొక్కుకుంటూ పోయాను, అందరిలాగే.

ఎప్పుడు తెలిసిందంటే, వేరే ఏదో వెతుకుతూ మెనూలో చివరన ఉండే 'గురించి' అన్న కిటికీ తెరిచాను. వెర్షన్ నంబరు కనిపించింది. ఊరికే, నిజంగా ఊరికే, మా ఆయన కంప్యూటర్లోని ఫైర్‌ఫాక్స్ నంబరుతో పోల్చి చూశాను. నాది మూడు అంకెలు వెనక ఉంది. నాలుగు వారాలకొక పెద్ద విడుదల కాబట్టి దాదాపు మూడు నెలలు. ఆ మూడింటిలో ఏమేం పూడ్చారో మొజిల్లా భద్రతా పేజీలో జాబితా ఉంటుంది. తీవ్రత 'హై' అని రాసినవి లెక్కపెడుతూ వెళ్లి, మొదటి విడుదల పూర్తికాకుండానే ఆపేశాను. బ్యాంకు లావాదేవీలు, క్లయింట్ల ఫైళ్లు, సంతకం, అన్నీ ఆ మూడు నెలలూ అందులోంచే వెళ్లాయి. నా మీద నిఘా లేదన్న నిశ్చింతతో! ఆ సాయంత్రం పట్టుకున్న టెన్షన్ రెండు రోజులు వదల్లేదు. ఏమీ జరగలేదు, అదృష్టం.

మూడోది పార్సిల్ మెయిల్. ఒక ప్రచురణకర్త నుంచి ప్రూఫుల కట్ట రావాల్సి ఉంది. 'మీ చిరునామా అసంపూర్ణంగా ఉంది, సరిచేసుకోండి' అని మెయిల్ వచ్చింది. నొక్కాను. కొరియర్ కంపెనీ పేజీలాగే ఉంది. మళ్లీ పంపడానికి ఏదో కొద్ది మొత్తం కట్టమంది. కార్డు తీసి పన్నెండు అంకెలు కొట్టాను. ఆ పేజీలో రెండు అక్షర దోషాలున్నాయి, చూశాను కూడా. దిద్దాలనిపించింది తప్ప అనుమానం రాలేదు! ఇంతలో పక్క గదిలోంచి మా ఆయన, "ఇదిగో, ఇటు రా ఒకసారి" అని కేక. ఆ మెయిల్ ఇంట్లో ఇద్దరం చూసే ఖాతాకి వచ్చింది, ఆయనా అదే లింకు నొక్కారు. ఆయన తెర నిండా ఎర్రగా, ఇది మోసపు సైటు అని హెచ్చరిక. నా తెర మీద తెల్లగా, మర్యాదగా, మిగతా నాలుగంకెల కోసం ఎదురుచూస్తున్న పెట్టె.

ఆ ఎర్ర హెచ్చరిక ఇచ్చేది గూగుల్ వాళ్ల సేఫ్ బ్రౌజింగ్. ఫైర్‌ఫాక్స్, సఫారీ కూడా దాన్ని వాడుకుంటాయి. గూగుల్ అన్న పేరుంది కాబట్టి నా బ్రౌజర్ తయారుచేసినవాళ్లు దాన్ని ముందే ఆపేసి ఇచ్చారు. సెట్టింగుల్లో ఒక గడిలో టిక్కు పెడితే తిరిగి వస్తుంది. కానీ అది ఆగి ఉందన్న సంగతే నాకు తెలియదు. పోనీ దాన్ని ఆపడం వల్ల గోప్యత ఎంత మిగిలిందని చూస్తే, పెద్దగా ఏమీ లేదు. ఫైర్‌ఫాక్స్‌లో అది మనం వెళ్లే ప్రతి చిరునామానీ గూగుల్‌కి చెప్పదు. మోసపు సైట్ల జాబితాని అంకెల ముక్కలుగా దించుకుని మన కంప్యూటర్లోనే సరిచూస్తుంది. ముక్క కలిస్తేనే, అది కూడా ఆ ముక్క వరకే, బయటికి అడుగుతుంది. డౌన్‌లోడ్ చేసే ప్రోగ్రాముల విషయంలో ఇంకాస్త సమాచారం వెళుతుంది, అది వేరుగా ఆపుకోవచ్చు. తెర ఇంకొంచెం దగ్గరగా లాగడానికి గడియ పీకేశారు. అది వాళ్ల అభిప్రాయం, కోడ్ వాళ్లది, నేనేమీ అనను. నా గొడవంతా, గడియ పీకి ఉందన్న మాట ఎవరో ఒకరు చెప్పాలి కదా అని. మీ వ్యాసం లాంటివి చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

ఇదంతా చదివి, అయితే పెద్ద కంపెనీ బ్రౌజరే మేలు అంటున్నావా అని మీరు అడగొచ్చు. అనడం లేదు. పదకొండు నెలల్లో ఒక్క మంచి కూడా లేకపోతే ఎప్పుడో తీసిపారేసేదాన్ని. అందులో యూబ్లాక్ ఆరిజిన్ అనే ప్రకటనల్ని ఆపే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాము) ముందే పెట్టి ఇస్తారు. ప్రకటనలు లేని పేజీ మీద నా కంటికి విశ్రాంతి, అది ఒక సంగతి. అసలు సంగతి, ప్రకటనలోంచి కూడా దొంగలు వస్తారు. వెతికితే పైన వచ్చే ప్రకటన అచ్చం అసలు కంపెనీలా ఉండి మోసపు సైటుకి తీసుకుపోతోందని, అలాంటి ప్రకటనల్ని ఆపే ఎక్స్‌టెన్షన్ వాడమని అమెరికా ఎఫ్‌బీఐ 2022 డిసెంబరులో హెచ్చరిక ఇచ్చింది. అంటే ఇక్కడ తెరే గడియ పని కూడా చేస్తోంది. క్రోమ్ మాత్రం 2024లో మొదలుపెట్టి పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లని ఆపేసింది. ఇప్పుడక్కడ యూబ్లాక్ బక్కచిక్కిన 'లైట్' రూపంలోనే దొరుకుతుంది. ఫైర్‌ఫాక్స్, దాని కోడ్ మీద కట్టినవి, పూర్తి రూపాన్ని నడవనిస్తున్నాయి. ప్రకటనల మీద బతికే కంపెనీ చేతిలో బ్రౌజర్ ఉంటే ఇలాగే ఉంటుంది మరి.

చిన్నవాళ్లయినంత మాత్రాన నమ్మకస్తులనీ కాదు, పెద్దవాళ్లయితే దొంగలనీ కాదు. బ్రేవ్‌ని మీరు జాబితాలో మొదట పెట్టారు. దాన్ని స్థాపించినవారిలో ఒకరైన బ్రెండన్ ఐక్ సామాన్యుడు కాదు, వెబ్ పేజీల్ని నడిపించే జావాస్క్రిప్ట్ భాషని 1995లో తయారుచేసిన మనిషి. 2020 జూన్‌లో ఆ బ్రౌజర్, వాడేవాళ్లు ఒక క్రిప్టో సైటు చిరునామా టైపు చేస్తుంటే చివర తన కమిషన్ కోడ్ తగిలిస్తోందని బయటపడింది. ఆయన క్షమాపణ చెప్పి తీసేశారు. పేల్‌మూన్ అని ఇంకోటుంది, పాత ఫైర్‌ఫాక్స్ రూపం ఇష్టపడేవాళ్లు వాడతారు. పాత వెర్షన్లు దాచిపెట్టిన వాళ్ల సర్వర్‌లోకి ఎవరో దూరి, ఇన్‌స్టాలర్లలో వైరస్ కలిపారని 2019 జులైలో వాళ్లే ప్రకటించారు. పైగా ఒక సైటు ఇంకో సైటులోకి తొంగిచూడకుండా వేర్వేరు సైట్లని విడివిడి గదుల్లో పెట్టే ఏర్పాటు క్రోమ్‌కి 2018లో, ఫైర్‌ఫాక్స్‌కి 2021 చివర్లో వచ్చింది. పేల్‌మూన్ ఇంకా అందరినీ ఒకే గదిలో పడుకోబెడుతోంది.

ఆర్క్ కథ ఇంకోలా ఉంటుంది. అందంగా ఉందని కుర్రాళ్లంతా ఎగబడ్డ బ్రౌజర్. ఎదుటివాళ్ల ఖాతా గుర్తింపు సంఖ్య తెలిస్తే చాలు, వాళ్ల బ్రౌజర్‌లో మన కోడ్ నడిపేయవచ్చని 2024లో బయటపడింది. కంపెనీ వెంటనే సరిచేసింది, ఎవరికీ నష్టం జరగలేదని చెప్పింది. అంతవరకు బాగానే ఉంది. ఆ ఏడాది అక్టోబరు కల్లా కొత్త హంగులు చేర్చడం ఆపేస్తున్నామని, మరో బ్రౌజర్ మీద పనిచేస్తున్నామని కూడా చెప్పింది. అలవాట్లన్నీ దాని చుట్టూ అల్లుకున్నవాళ్లు ఏమైపోవాలి? బ్రౌజర్ ఎంత భద్రమో లెక్కేసేటప్పుడు దాని ఆయుష్షు కూడా లెక్కలోకి రావాలి. ఎక్స్‌టెన్షన్ల సంగతీ అంతే. గ్రేట్ సస్పెండర్ అని లక్షలమంది వాడిన ఎక్స్‌టెన్షన్ ఒకటుండేది. దాన్ని రాసినవాడు ఇంకెవరికో ఇచ్చేశాడు, వాళ్లు అందులో చెత్త కలిపారని 2021 ఫిబ్రవరిలో గూగుల్ తీసేసింది. వాడేవాళ్లలో చాలామందికి యజమాని మారాడన్న సంగతే తెలియదు.

ఇప్పుడు నా కంప్యూటర్లో రెండు బ్రౌజర్లున్నాయి. చదవడానికి, వెతకడానికి వాలంటీర్లది. బ్యాంకు, బిల్లులు, పోర్టళ్లు, ఫొటోలు ఎక్కించే పనులన్నిటికీ మామూలు ఫైర్‌ఫాక్స్, ట్రాకింగ్ రక్షణ 'స్ట్రిక్ట్'లో పెట్టుకుని, యూబ్లాక్ వేసుకుని. అలిగి వెళ్లిపోయి మళ్లీ ఆ గుమ్మమే తొక్కాను, ఏం చేస్తాం. ఆ కొట్టేసిన వాక్యం మీద నా కోపం మాత్రం పోలేదు. రెండింటికీ గుర్తులు ఒకేలా ఉంటే పొరపాటు పడతానని ఒకదాని రంగు ముదురు ఎరుపు చేసుకున్నాను. అప్‌డేటర్ వేసుకున్నాను. దాన్ని నమ్మక, సోమవారం పొద్దున పని మొదలుపెట్టే ముందు రెండింటిలోనూ 'గురించి' తెరిచి నంబర్లు చూస్తాను. మావాడు "నీకు అనుమానం ఎక్కువ అత్తా" అంటాడు. అనుమానం లేకపోతే ఈ వృత్తిలో ఇరవై మూడేళ్లు ఎవరుంటారు?

మీకు ఒక మనవి. ఈసారి ఏ బ్రౌజర్ గురించి రాసినా తాళంకప్ప బొమ్మ తీసేసి ఆ చోట్లో మూడు సంగతులు వేయండి: లోపలున్న ఇంజన్ ఎవరిది, తనంతట తాను అప్‌డేట్ అవుతుందా లేదా, మోసపు సైట్ల హెచ్చరిక పెట్టి ఇస్తారా తీసి ఇస్తారా. పెద్ద చోటేమీ పట్టదు, ఆ బొమ్మంత చాలు. ఇక పోయిన ఆదివారం శీర్షికలో 'సురక్షితమైన' కొట్టేసి 'గోప్యత పాటించే' అని రాసి, పక్కన మార్జిన్‌లో గుర్తు పెట్టాను. ఆ కత్తిరింపు ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. మూడో పేరాలో ఒక ఒత్తు కూడా ఎగిరిపోయింది, అదీ దిద్దాను. దీనికి బిల్లు పంపను.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు, ఒక ప్రూఫ్ రీడర్

తా.క.: ఈ ఉత్తరం టైపు చేస్తుండగా పైన కుడివైపు మెనూ మీద చిన్న పచ్చ చుక్క వెలిగింది. ఉత్తరం ఆపి, అప్‌డేట్ చేసి, మళ్లీ మొదలుపెట్టాను. సేవ్ చేయని ఒక పేరా పోయింది. ఐఫోన్ గురించి ఇంకా చాలా రాశాను అందులో, మీకు చదివే బాధ తప్పింది.